పదిహేనేళ్లలో 45 మరణాలు: ప్రోస్టేట్ క్యాన్సర్ ట్రయల్స్ కొత్త దారులు ఎందుకు పట్టాయి?

బ్రిటన్‌లో 1999–2009 మధ్య ‘ప్రొటెక్ట్’ అనే క్లినికల్ ట్రయల్‌లో 1,643 మంది మగవాళ్లు చేరారు. క్యాన్సర్ ప్రోస్టేట్ గ్రంథి దాటి దూరానికి పాకలేదని పరీక్షల్లో తేలినవాళ్లు వీళ్లు. లాటరీ పద్ధతిలో మూడు గ్రూపులు చేశారు. ఒక గ్రూపుకి ఆపరేషన్, ఇంకో గ్రూపుకి రేడియేషన్, మూడో గ్రూపుకి వెంటనే చికిత్సేమీ లేకుండా పరీక్షలు చేస్తూ కనిపెట్టుకుని ఉండటం. పదిహేనేళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. మూడు గ్రూపుల్లో కలిపి ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు 45 మంది. ఆ మరణాల్లో గ్రూపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

రోగులకు ఇంతకన్నా ఊరట ఏముంటుంది? కానీ ఏ చికిత్స మేలో తేల్చాల్సినవాళ్లకు ఇదే పెద్ద చిక్కు. ఇన్నేళ్లు, ఇంతమంది, ఇంత ఖర్చు. చివరికి లెక్కకు అందిన మరణాలు 45. అందుకే ఇప్పుడు ప్రోస్టేట్ క్యాన్సర్ వార్తల్లో ‘ప్లాట్‌ఫామ్ ట్రయల్’, ‘అడాప్టివ్ ట్రయల్’, ‘బయోమార్కర్ ఆధారిత ట్రయల్’ లాంటి మాటలు తరచూ వినిపిస్తున్నాయి. ఇవన్నీ పాత పద్ధతిలో ఏదో ఒక భారాన్ని తగ్గించడానికి పుట్టినవే. ప్రతిదీ సమయమో మనుషులో మిగులుస్తుంది, దానికి బదులుగా ఏదో ఒక ఊహ మీద ఆధారపడుతుంది. ఆ ఊహ ఏమిటో తెలిస్తే ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

పాత పద్ధతి బలం, దాని ఆకలి

మామూలు ట్రయల్‌లో రెండు గ్రూపులు ఉంటాయి. ఒకరికి ప్రస్తుతం వాడుకలో ఉన్న చికిత్స. దీన్ని కంట్రోల్ గ్రూపు అంటారు. రెండోవాళ్లకు కొత్త చికిత్స. ఎవరు ఏ గ్రూపులోకి వెళ్లాలో డాక్టరూ రోగీ కాకుండా కంప్యూటర్ నిర్ణయిస్తుంది. దీనివల్ల వయసు, జబ్బు తీవ్రత, గుండె జబ్బు, పొగతాగే అలవాటు లాంటివి రెండు గ్రూపుల్లోనూ ఇంచుమించు సమానంగా పడతాయి. ఎవరికీ తెలియని కారణాలు కూడా అలాగే సర్దుకుంటాయి. ఇంత నమ్మకమైన పోలిక వేరే ఏ పద్ధతీ ఇవ్వలేదు. కొత్త డిజైన్లు కూడా దాదాపు అన్నీ ఈ లాటరీని వదలకుండానే మార్పులు చేస్తాయి.

అయితే ఈ పద్ధతికి మనుషుల సంఖ్యకన్నా ‘సంఘటనల’ సంఖ్య ముఖ్యం. మరణాన్ని కొలమానంగా పెట్టుకుంటే మరణాలు జరిగేదాకా ఆగాలి. ఒక మందు చావు ముప్పును నాలుగో వంతు తగ్గిస్తుందనుకుందాం. ఆ తేడాను 90 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే, తప్పుడు విజయానికి మామూలుగా ఒప్పుకునే 5 శాతం హద్దులో, రెండు గ్రూపుల్లో కలిపి సుమారు 500 మరణాలు నమోదు కావాలి. ప్రొటెక్ట్‌లో పదిహేనేళ్లకు వచ్చినవి 45. అంటే అలాంటి రోగులతో ఆ లెక్క అందుకోవాలంటే పదకొండు రెట్లు, దాదాపు 18,000 మందిని అంతకాలం వెంబడించాలి.

ముదిరిన దశలో మరణాలు త్వరగా జరుగుతాయి కాబట్టి సమాధానమూ త్వరగా వస్తుంది. అక్కడి చిక్కు వేరు. హార్మోన్ చికిత్సకు లొంగని దశలో ఆయుష్షు పెంచిన మొదటి కీమో మందు డోసిటాక్సెల్ అని 2004లో తేలింది. ఆ తర్వాత 2010–2013 మధ్యనే సిపుల్యూసెల్-టి, కబాజిటాక్సెల్, అబిరాటెరోన్, ఎంజాలుటమైడ్, రేడియం-223 ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. దేని తర్వాత ఏది, దేనితో ఏది, ఎవరికి ఏది అనే ప్రశ్నలు కుప్పపడ్డాయి. ఒక్కో ప్రశ్నకు ఒక్కో ట్రయల్ మొదటినుంచి కట్టుకుంటూ పోతే ఎప్పటికీ తరగవు.

ఒకే కంట్రోల్, అనేక మందులు: స్టాంపీడ్ చేసిన పని

ఈ చిక్కుకు అందరికన్నా ముందు గట్టి జవాబు చెప్పింది 2005లో బ్రిటన్‌లో మొదలైన స్టాంపీడ్ ట్రయల్. తర్వాత స్విట్జర్లాండ్ కూడా కలిసింది. దీని డిజైన్ పేరు ‘మల్టీ-ఆర్మ్, మల్టీ-స్టేజ్’. ఆర్మ్ అంటే ఒక్కో చికిత్స పొందే గ్రూపు. స్టేజ్ అంటే మధ్యలో ఆగి లెక్కలు చూసుకునే మజిలీ.

మొదట్లో ఇందులో ఆరు ఆర్మ్‌లు. ఒకటి కంట్రోల్, అంటే హార్మోన్ చికిత్స. మిగతా ఐదింటిలో దానికి తోడు జోలెడ్రోనిక్ యాసిడ్, డోసిటాక్సెల్, సెలెకాక్సిబ్, ఇంకా వీటి రెండు జోడీలు. ఐదు కొత్త ఆర్మ్‌లకూ ఒక్కొక్కరు వెళ్తే కంట్రోల్‌కి ఇద్దరు వెళ్లేలా లాటరీ పెట్టారు.

లాభం ఎంతో ఒక ఊహా లెక్కలో చూద్దాం. ఐదు మందుల్ని ఐదు వేర్వేరు ట్రయల్స్‌లో, గ్రూపుకి 400 మంది చొప్పున పరీక్షిస్తే మొత్తం 4,000 మంది కావాలి. వాళ్లలో సగం, అంటే 2,000 మంది, కంట్రోల్‌లోనే ఉంటారు. ఒకే కంట్రోల్‌ని అందరికీ ఉమ్మడిగా వాడి, దాన్ని రెట్టింపు పెద్దది చేసినా 800 కలిపి 2,000 కొత్త చికిత్సలవాళ్లు, మొత్తం 2,800 మంది. రోగి వైపు నుంచి చూస్తే కొత్త చికిత్స దొరికే అవకాశం ఏడింట ఐదు. వేర్వేరు ట్రయల్స్‌లో అది సగమే. ట్రయల్‌లో చేరమని అడిగినప్పుడు ఒక మనిషి తన భార్యతో, పిల్లలతో కూర్చుని మాట్లాడుకునే లెక్క ఇదే.

రెండో భాగం మజిలీలు. మరణాలు కుప్పపడేదాకా ఆగకుండా, ముందుగా కనిపించే సూచన ఒకటి చూస్తారు. పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే, రక్తంలో కొలిచే ప్రొటీన్) మళ్లీ పెరిగిందా, జబ్బు ఇంకోచోట కనిపించిందా, మనిషి చనిపోయాడా అన్నవి కలిపిన కొలమానం అది. అందులో కూడా ఏ మెరుగూ లేని ఆర్మ్‌లోకి కొత్తవాళ్లను చేర్చడం ఆపేస్తారు. సెలెకాక్సిబ్ ఇస్తున్న రెండు ఆర్మ్‌లూ 2011లో అలాగే ఆగిపోయాయి. ఒక మందు పనిచేయదని ఇంత తొందరగా తేలడం ఎంత మేలో ఆలోచించండి. అందులోకి వెళ్లాల్సిన వందలమంది వేరే ఆర్మ్‌లకు వెళ్లారు.

మూడో భాగమే స్టాంపీడ్‌ని ‘ప్లాట్‌ఫామ్’ చేసింది. నడుస్తున్న ట్రయల్‌కే కొత్త ప్రశ్నలు చేర్చారు. 2011లో అబిరాటెరోన్, 2013లో ప్రోస్టేట్‌కి రేడియేషన్, తర్వాత చక్కెర జబ్బుకి వాడే మెట్‌ఫార్మిన్, చర్మం మీద అంటించే ఈస్ట్రాడయాల్ పట్టీలు. ప్రతిసారీ కొత్త ఆసుపత్రులు వెతుక్కోవడం, మొదటినుంచి అనుమతులు, సిబ్బంది శిక్షణ అక్కర్లేకపోయింది.

ఫలితాలు వరసగా వచ్చాయి. హార్మోన్ చికిత్సకు డోసిటాక్సెల్ కలిపినవాళ్ల సగటు ఆయుష్షు (మధ్యస్థ విలువ) 71 నుంచి 81 నెలలకు పెరిగిందని 2016లో ప్రచురించారు. జోలెడ్రోనిక్ యాసిడ్‌తో ఆయుష్షు పెరగలేదు. 2017లో అబిరాటెరోన్ ఫలితం వచ్చింది. 1,917 మందిలో మూడేళ్లకు బతికున్నవాళ్లు కంట్రోల్‌లో 76 శాతం, మందు తీసుకున్నవాళ్లలో 83 శాతం. 2018లో రేడియేషన్ సంగతి తేలింది. జబ్బు పాకినవాళ్లందరినీ కలిపి చూస్తే ఆయుష్షులో లాభం లేదు. జబ్బు కొద్దిగా మాత్రమే పాకినవాళ్లలో మూడేళ్ల బతుకు 73 నుంచి 81 శాతానికి పెరిగింది. ఈ ఉపగ్రూపుని ఫలితాలు చూశాక ఏరుకోలేదు, ముందే రాసిపెట్టుకున్నారు. అందుకే దాన్ని నమ్మారు, చికిత్స పద్ధతులూ మారాయి. మెట్‌ఫార్మిన్‌తో మొత్తం మీద ఆయుష్షు గణనీయంగా పెరగలేదని 2024లో తెలిసింది.

ఆ ‘లేదు’ అనే జవాబుకి నేను చాలా విలువ ఇస్తాను. మెట్‌ఫార్మిన్ పేటెంటు ఎప్పుడో తీరిన చవక మందు. దాని మీద కోట్లు పోసి విడిగా ట్రయల్ పెట్టే కంపెనీ దొరకదు. ప్రశ్న అలాగే ఉండిపోయి, ఆశ మాత్రం ఏళ్ల తరబడి చెలామణీ అయ్యేది.

ఉమ్మడి కంట్రోల్ మీద వచ్చే రెండు అభ్యంతరాలు

మొదటిది: ఎన్నో మందులు పరీక్షిస్తే ఏదో ఒకటి అదృష్టవశాత్తు గెలిచినట్టు కనిపిస్తుంది కదా? నిజమే. పనికిరాని ఐదు మందుల్ని ఒక్కోదానికి 5 శాతం తప్పుకి చోటిస్తూ విడివిడిగా పరీక్షిస్తే, కనీసం ఒకటి తప్పుగా గెలిచే అవకాశం దాదాపు 23 శాతం. అందుకని మొత్తం ట్రయల్‌కి కలిపి ఒకే తప్పు హద్దు పెట్టాలని కొందరు గణాంకవేత్తలు అంటారు. ఇంకో వర్గం ఇలా అడుగుతుంది: ఇవే ఐదు మందుల్ని ఐదు వేర్వేరు ట్రయల్స్‌లో పెడితే ఎవరూ ఆ హద్దు అడగరు, ఒకే గొడుగు కిందికి తెచ్చినందుకు శిక్ష ఎందుకు? ప్రశ్నలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే రెండో వాదనే సబబుగా అనిపిస్తుంది. ఒకే మందు మూడు మోతాదుల్ని పరీక్షిస్తే మాత్రం మొదటి వాదన బలపడుతుంది. ఉమ్మడి కంట్రోల్‌లో ఇంకో ప్రమాదమూ ఉంది. ఆ గ్రూపు యాదృచ్ఛికంగా బాగా దెబ్బతిన్నదైతే, దానితో పోల్చిన మందులన్నీ ఒకేసారి బాగున్నట్టు కనిపిస్తాయి.

రెండో అభ్యంతరం కాలం గురించి. 2006లో కంట్రోల్‌లో చేరినవాళ్లూ 2016లో చేరినవాళ్లూ ఒకటి కాదు. మధ్యలో డోసిటాక్సెల్ మామూలు చికిత్సలో భాగమైంది. స్కాన్లు కూడా మారాయి. స్కాన్ మారితే ఏం జరుగుతుందో చిన్న లెక్కతో చూడండి. ‘జబ్బు పాకలేదు’ అనే గుంపులో నలుగురు, వాళ్ల ఆయుష్షు 12, 12, 12, 8 ఏళ్లు. సగటు 11. ‘జబ్బు పాకింది’ అనే గుంపులో ముగ్గురు, 3, 4, 5 ఏళ్లు. సగటు 4. ఇప్పుడు పీఎస్ఎంఏ పెట్ లాంటి సున్నితమైన స్కాన్ వచ్చి, ఎనిమిదేళ్లు బతికే మనిషిలో ఇంతకుముందు కనిపించని చిన్న మచ్చ చూపించింది. ఆయన రెండో గుంపులోకి వెళ్లాడు. మొదటి గుంపు సగటు 12 అయింది, రెండో గుంపు సగటు 5 అయింది. రెండూ పెరిగాయి. ఎవరూ ఒక్క రోజు కూడా అదనంగా బతకలేదు. దీన్ని విల్ రోజర్స్ ప్రభావం అంటారు.

పాత రోగుల రికార్డులతో కొత్త మందుని పోల్చి ‘ఆయుష్షు పెరిగింది’ అని చెప్పే ప్రతి అధ్యయనాన్నీ ఈ కారణంగా అనుమానంతో చదవాలి. స్టాంపీడ్‌లో ఒక్కో కొత్త ఆర్మ్‌ని ఆ కాలంలోనే లాటరీలో కంట్రోల్‌కి వెళ్లినవాళ్లతో మాత్రమే పోల్చారు.

మందు అందరికీ పనిచేయనప్పుడు

ఒలాపరిబ్ కథ దగ్గర కాస్త ఆగాలి. డీఎన్ఏ రిపేరు చేసుకునే జన్యువులు, ముఖ్యంగా బీఆర్‌సీఏ2, దెబ్బతిన్న కణితుల మీద పనిచేసే మందు ఇది. 2015లో ప్రచురించిన టోపార్ప్-ఎ అనే చిన్న ట్రయల్‌లో ఫలితం లెక్కించగలిగిన 49 మందిలో 16 మందికి పనిచేసింది. అంటే మూడో వంతు. కణితి జన్యువులు పరీక్షించి చూస్తే, రిపేరు లోపం ఉన్న 16 మందిలో 14 మందికి పనిచేసింది. తర్వాతి దశ టోపార్ప్-బిలో ఆ లోపం ఉన్నవాళ్లనే తీసుకున్నారు.

ముందే ఎంచుకోవడంలో ఎంత బలముందో లెక్కతో చూద్దాం. ఒక మందు రోగుల్లో 20 శాతం మందికే పనిచేస్తుందని, వాళ్లలో ముప్పును సగానికి తగ్గిస్తుందని అనుకుందాం. వాళ్లనే తీసుకుని ట్రయల్ చేస్తే ఇంతకుముందు చెప్పిన ప్రమాణాల్లోనే దాదాపు 90 సంఘటనలు చాలు. అందరినీ కలిపి చేస్తే ప్రభావం పలచబడి సుమారు 2,200 సంఘటనలు కావాలి. ప్రభావం ఐదో వంతుకి పలచబడితే అవసరం ఐదు రెట్లు కాదు, ఇరవై ఐదు రెట్లు పెరుగుతుంది. మంచి మందు కూడా ‘పనిచేయలేదు’ అనే ముద్రతో మూలపడటానికి ఇది చాలు.

ఈ లాభానికి వెల పరీక్షల దగ్గర కట్టాలి. ఒలాపరిబ్ పెద్ద ట్రయల్ ప్రోఫౌండ్‌లో 4,425 మందిని పరిశీలిస్తే చివరికి లాటరీకి చేరింది 387 మంది. కణితి ముక్క ఉన్న 4,047 మందిలో 2,792 మందికే జన్యు పరీక్ష విజయవంతమైంది. ఎన్నో ఏళ్ల కిందట బయాప్సీ చేసి మైనం దిమ్మలో భద్రపరిచిన ముక్కలో డీఎన్ఏ చెడిపోయి ఉండొచ్చు. జబ్బు ఎముకల్లో ఉంటే కొత్త ముక్క తీయడం కష్టం, తీసినా పరీక్షకు సరిపోకపోవచ్చు. అందుకే రక్తంలో తేలే కణితి డీఎన్ఏ పరీక్షల మీద అందరి చూపూ ఉంది.

ఇదే కుటుంబం మందుల మీద వచ్చిన రెండు ట్రయల్స్ పక్కపక్కన పెట్టి చూస్తే డిజైన్ ఎంత తేడా తెస్తుందో అర్థమవుతుంది. మాగ్నిట్యూడ్ ట్రయల్‌లో ముందే జన్యు పరీక్ష చేసి లోపం ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని రెండుగా విడదీశారు. ఒక్కో వర్గంలోనూ నిరాపరిబ్, అబిరాటెరోన్ జోడీని వేరుగా పరీక్షించారు. లోపం లేనివాళ్లలో 233 మందిని చూసేసరికే మందుతో లాభం లేదని తేలి ఆ వర్గంలో చేర్చుకోవడం ఆపేశారు. ప్రోపెల్ ట్రయల్‌లో లోపంతో పని లేకుండా 796 మందిని చేర్చుకుని ఒలాపరిబ్, అబిరాటెరోన్ జోడీ పరీక్షించారు. మొత్తం మీద జబ్బు ముదరకుండా గడిచిన కాలం 16.6 నెలల నుంచి 24.8 నెలలకు పెరిగింది. అందులో ఎంత భాగం బీఆర్‌సీఏ లోపం ఉన్నవాళ్ల నుంచి వచ్చిందన్నదే వివాదం. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం 2023 ఏప్రిల్‌లో 11–1 ఓట్లతో వాడకాన్ని బీఆర్‌సీఏ లోపం ఉన్నవాళ్లకే పరిమితం చేయమంది, ఎఫ్‌డీఏ అలాగే చేసింది. యూరప్ నియంత్రణ సంస్థ అదే సమాచారం చూసి, అప్పుడే కీమో అవసరం లేని రోగులకు లోపంతో సంబంధం లేకుండా అనుమతించింది.

ఎవరిది సరి? విడదీసి చేస్తే జవాబు తేటగా వస్తుంది. కానీ ఎవరికి పనిచేస్తుందో మనకు ముందే తెలుసు అనే ఊహ మీద అది నిలబడింది. ఆ ఊహ తప్పైతే పనికొచ్చే మందు నుంచి చాలామందిని దూరం చేస్తాం. అందరినీ తీసుకుంటే ఆ భయం లేదు, కానీ పలచబడిన సగటులో ఒకరి లాభం ఇంకొకరి పేరు మీద జమ అవుతుంది. లాభం లేనివాళ్లు కూడా దుష్ప్రభావాలు మాత్రం పూర్తిగా భరించాలి.

దీనికి ఎదురు దారి కూడా ఉంది. అవయవాన్ని పక్కనపెట్టి కణితి జన్యు గుర్తునే చూడటం. దీన్ని ‘బాస్కెట్’ డిజైన్ అంటారు. 2017లో పెంబ్రోలిజుమాబ్‌ని ఎఫ్‌డీఏ ఒక ప్రత్యేకమైన డీఎన్ఏ లోపం ఉన్న ముదిరిన కణితులన్నిటికీ, ఏ అవయవమైనా సరే, అనుమతించింది. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ఆ లోపం నూటికి ముగ్గురిలోనే కనిపిస్తుంది. వాళ్లకోసం విడిగా పెద్ద ట్రయల్ నడపడం జరిగే పని కాదు.

దారిలో నేర్చుకుంటూ లాటరీని మార్చడం

స్వీడన్‌లో మొదలైన ప్రోబయో ట్రయల్‌లో ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్ల రక్తంలోని కణితి డీఎన్ఏ చదివి, జన్యు గుర్తుల్ని బట్టి వర్గాలు చేస్తారు. ఒక వర్గంలో ఏ మందు బాగా పనిచేస్తున్నట్టు కనిపిస్తే తర్వాత వచ్చేవాళ్లకు లాటరీలో అది తగిలే అవకాశం పెంచుతారు. కంట్రోల్ గ్రూపుని మాత్రం అలాగే ఉంచుతారు.

ఇది రోగికి మేలు చేసే పద్ధతిలా కనిపిస్తుంది, ఆ ఉద్దేశమూ మంచిదే. కానీ తొలి పదిమంది రోగుల్లో వచ్చిన యాదృచ్ఛిక తేడా లాటరీని తప్పు వైపు తిప్పొచ్చు. రెండే గ్రూపులుంటే సమాన లాటరీయే దాదాపు ఎప్పుడూ ఎక్కువ సమాచారం ఇస్తుందని విమర్శకులు అంటారు. గ్రూపులు ఎక్కువైనకొద్దీ ఈ మార్పు లాభం పెరుగుతుంది. ఇంకో సంగతి, ఫలితం త్వరగా తెలిసే చోటే ఇది పనికొస్తుంది. ప్రొటెక్ట్ లాంటి తొలిదశ రోగుల్లో, పదేళ్లకు కానీ ఫలితం తెలియనప్పుడు, దేన్ని చూసి లాటరీ మారుస్తాం?

రోగికి మందు ఒక్కసారి ఇచ్చి ఊరుకోరు, పనిచేయకపోతే ఇంకోటి ఇస్తారు. ఆ క్రమాన్నే పరీక్షించే డిజైన్‌ని ‘స్మార్ట్’ అంటారు. అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ కేంద్రంలో 150 మంది మీద నాలుగు కీమో జోడీలతో చేసిన ట్రయల్ దీనికి తొలి ఉదాహరణల్లో ఒకటి. మొదటి విడత పనిచేస్తే అదే కొనసాగించారు. పనిచేయకపోతే మిగతా మూడింటిలో ఒకటి మళ్లీ లాటరీతో ఇచ్చారు. ‘ముందు ఇది, కుదరకపోతే అది’ అనే పన్నెండు వ్యూహాల్ని ఒకే ట్రయల్‌లో పోల్చగలిగారు. ప్రతి డాక్టరూ నిత్యం తీసుకునే నిర్ణయం ఇదే అయినా, ఈ డిజైన్ వాడకం ఇప్పటికీ తక్కువే.

మరణానికి బదులు ఏది కొలవొచ్చు?

మరణం దాకా ఆగకుండా ఉండాలంటే దాని స్థానంలో నిలబడే సూచిక కావాలి. పీఎస్ఏ అందరికీ తెలిసిందే, కొలవడం తేలిక. కానీ తొలిదశ జబ్బులో పీఎస్ఏ మళ్లీ పెరగడం ఆయుష్షుకి నమ్మదగ్గ ప్రతినిధి కాదు. పీఎస్ఏ పెరిగినా చాలామంది ఏళ్ల తరబడి బతికి వేరే కారణంతో పోతారు. పాత ట్రయల్స్ సమాచారం కలిపి చూసిన ఐస్‌క్యాప్ అనే అంతర్జాతీయ బృందం 2017లో ఒక సంగతి తేల్చింది. గ్రంథి పరిధిలో ఉన్న జబ్బులో, దూరపు అవయవాలకు పాకకుండా గడిచిన కాలం ఆయుష్షుకి గట్టి ప్రతినిధి.

2018 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ ఈ కొలమానంతోనే అపాలుటమైడ్‌ని అనుమతించింది. అలా అనుమతి రావడం అదే మొదలు. స్పార్టన్ ట్రయల్‌లో 1,207 మందిలో జబ్బు పాకకుండా గడిచిన కాలం 16.2 నుంచి 40.5 నెలలకు పెరిగింది. ఇది హార్మోన్ చికిత్సకు లొంగని, అయినా స్కాన్లో పాకినట్టు కనిపించని దశ. అంటే ఐస్‌క్యాప్ చూసిన దశ కాదు. కొలమానం ఇక్కడా పనికొస్తుందా అనే అనుమానం న్యాయమైనదే. తర్వాత వచ్చిన ఆయుష్షు లెక్కలు (59.9 నుంచి 73.9 నెలలు) ఈసారి ఆ నిర్ణయాన్ని బలపరిచాయి. కానీ ఇవన్నీ సీటీ, ఎముకల స్కాన్లతో చూసిన ‘పాకడం’. పీఎస్ఎంఏ పెట్‌తో చూస్తే అదే మనిషిలో అది ఎంతో ముందే కనిపిస్తుంది. పాత స్కాన్లతో రుజువైన కొలమానాన్ని కొత్త స్కాన్ల మీదికి నేరుగా తేవడం కుదరదు.

ఎదురు ఉదాహరణ కూడా ఉంది. సిపుల్యూసెల్-టి ట్రయల్‌లో 512 మంది చేరారు. జబ్బు ముదరడానికి పట్టిన కాలంలో తేడా లేదు. ఆయుష్షు మాత్రం 21.7 నుంచి 25.8 నెలలకు పెరిగింది. స్టాంపీడ్ తరహా మజిలీలో ‘జబ్బు ముదిరిన కాలం’ చూసి వడపోస్తే ఈ మందు మధ్యలోనే ఆగిపోయేది.

తక్కువ చికిత్స చాలునా అని అడగడం

కొన్నిసార్లు కొత్త చికిత్స మెరుగ్గా ఉండక్కర్లేదు. పాతదానికి తీసిపోకుండా రోగికి తేలికగా ఉంటే చాలు. దీన్ని నాన్-ఇన్ఫీరియారిటీ డిజైన్ అంటారు. చిప్ అనే బ్రిటన్ ట్రయల్‌లో 3,216 మందికి రేడియేషన్‌ని మూడు రకాలుగా ఇచ్చారు. 37 సిట్టింగుల్లో 74 గ్రే (రేడియేషన్ మోతాదు కొలిచే యూనిట్), 20 సిట్టింగుల్లో 60 గ్రే, 19 సిట్టింగుల్లో 57 గ్రే. ఐదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు వరసగా 88.3, 90.6, 85.9 శాతం. ముందే ఒప్పుకున్న హద్దు ఐదు శాతం పాయింట్లు. 60 గ్రే సులువుగా నెగ్గింది. 57 గ్రేకి తేడా రెండున్నర కూడా లేదు, అయినా నెగ్గలేదు. ఎందుకంటే ఆ అంకె చుట్టూ ఉన్న అనిశ్చితిని లెక్కేస్తే నిజమైన తేడా హద్దు దాటి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేరు. 57 గ్రే నాసిరకమని రుజువు కాలేదు, సమానమనీ రుజువు కాలేదు.

ఈ డిజైన్‌లో అసలు వివాదమంతా హద్దు ఎక్కడ గీయాలన్నదే. పదిహేడు సార్లు ఆసుపత్రికి వెళ్లే పని తప్పితే నూటికి ఎంతమందికి జబ్బు తిరగబెట్టడాన్ని ఒప్పుకుంటాం? దానికి జవాబు గణితంలో లేదు. ఆ అంకె రాసేటప్పుడు రోగులు కూడా గదిలో ఉండాలని నా నమ్మకం.

కాగితం మీద డిజైన్, గదిలో మనిషి

ఎంత తెలివైన డిజైనైనా మనుషులు ఒప్పుకోకపోతే నడవదు. ఆపరేషన్‌ని, లోపల రేడియోధార్మిక గింజలు పెట్టే బ్రాకీథెరపీని పోల్చబోయిన స్పిరిట్ ట్రయల్ 1,980 మంది కావాలని మొదలై 56 మంది దగ్గర మూతపడింది. ఇంత వేర్వేరు చికిత్సల మధ్య లాటరీకి ఎవరు సిద్ధపడతారు? ప్రొటెక్ట్ కూడా మొదట్లో ఇలాగే తడబడింది. లాటరీకి ఒప్పుకున్నవాళ్లు 30–40 శాతమే. డాక్టర్లూ నర్సులూ రోగులతో మాట్లాడిన మాటల రికార్డులు విన్న పరిశోధకులకు, మూడు దారుల్నీ సమానంగా వివరించడం లేదని అర్థమైంది. కనిపెట్టుకుని ఉండటం అంటే వదిలేయడమేనని రోగులు అనుకుంటున్నారు. చెప్పే తీరు మార్చాక ఒప్పుకున్నవాళ్లు 70 శాతానికి పెరిగారు.

చేరాక వెళ్లిపోవడం ఇంకో సమస్య. లుటీషియం-పీఎస్ఎంఏ అనే రేడియోధార్మిక మందుని పరీక్షించిన విజన్ ట్రయల్‌లో ఎవరికి ఏది వచ్చిందో అందరికీ తెలుసు. మొదట్లో కంట్రోల్ తగిలినవాళ్లలో 56 శాతం మంది ఆ చికిత్స మొదలుపెట్టకుండానే తప్పుకున్నారు. ఆసుపత్రులతో మాట్లాడి చర్యలు తీసుకున్నాక అది 16.3 శాతానికి తగ్గింది. ఆఖరి ఆశగా ట్రయల్‌కి వచ్చిన మనిషి కంట్రోల్ కాగితం చూసి లేచి వెళ్లిపోతే తప్పుపట్టలేం. అలా వెళ్లినవాళ్లు, మిగిలినవాళ్లు ఒకే రకం కాకపోతే మాత్రం లాటరీ ఇచ్చిన సమానత్వం చెడుతుంది.

అందుకే చాలా ట్రయల్స్‌లో జబ్బు ముదిరితే కంట్రోల్‌వాళ్లకూ కొత్త మందు ఇస్తారు. దీన్ని క్రాసోవర్ అంటారు. ప్రోఫౌండ్‌లో కంట్రోల్‌లోని 131 మందిలో 86 మంది అలా ఒలాపరిబ్‌కి మారారు. నైతికంగా సరైన పని. కానీ ఆ తర్వాత ఆయుష్షుని పోలిస్తే ‘మందు ఇచ్చినవాళ్లు, ఇవ్వనివాళ్లు’ అనే పోలిక కాస్తా ‘ముందు ఇచ్చినవాళ్లు, తర్వాత ఇచ్చినవాళ్లు’ అనే పోలికగా మారిపోతుంది. అయినా బీఆర్‌సీఏ, ఏటీఎం జన్యువుల్లో లోపాలున్న వర్గంలో ఆయుష్షు తేడా నిలిచింది: కంట్రోల్‌లో 14.7 నెలలు, ఒలాపరిబ్‌తో 19.1 నెలలు.

స్క్రీనింగ్‌కి ఇదే డిజైన్

ఇప్పుడు బ్రిటన్‌లో 4.2 కోట్ల పౌండ్లతో నడుస్తున్న ట్రాన్స్‌ఫామ్ అనే స్క్రీనింగ్ (లక్షణాలు లేనివాళ్లలో జబ్బు వెతకడం) ట్రయల్‌లో ఈ చర్చలన్నీ ఒకచోట చేరాయి. అంతకుముందు క్యాప్ అనే ట్రయల్‌లో నాలుగు లక్షలకు పైగా మగవాళ్లను, 573 డాక్టరు క్లినిక్‌లను యూనిట్లుగా తీసుకుని పోల్చారు. ఒక్కసారి పీఎస్ఏ పరీక్షకు పిలిస్తే పదిహేనేళ్లకు ఈ క్యాన్సర్ మరణాలు 0.78 నుంచి 0.69 శాతానికి తగ్గాయి. పిలిచినవాళ్లలో పరీక్ష చేయించుకున్నది 36 శాతమే. ఆ ఒక్క జవాబు రావడానికి అంత కాలం పట్టింది.

ట్రాన్స్‌ఫామ్‌లో మొదటి దశలో 16,000 మంది మీద పీఎస్ఏ, లాలాజల జన్యు పరీక్ష, త్వరగా ముగిసే ఎంఆర్ఐ స్కాన్లను రకరకాలుగా కలిపిన కొన్ని పద్ధతుల్ని ఒకే కంట్రోల్‌తో పోలుస్తారు. అందులో నిలిచిన పద్ధతులు రెండో దశలో మూడు లక్షల మంది దాకా వెళ్తాయి. ఎవరూ తమంతట తాము పేరిచ్చుకోలేరు, డాక్టరు రికార్డుల నుంచి పిలుపు రావాలి. ఆరోగ్యం మీద శ్రద్ధ ఎక్కువున్నవాళ్లే చేరిపోయి లెక్క తారుమారు కాకుండా ఇది జాగ్రత్త. మొదటి దశలో పద్ధతుల్ని వడపోసేది మరణాలతో కాదు, దొరికిన ప్రమాదకరమైన క్యాన్సర్లతో, అనవసరంగా దొరికిన నెమ్మది క్యాన్సర్లతో. ఆ సూచికలు పదిహేనేళ్ల తర్వాతి మరణాలకు ఎంతవరకు ప్రతినిధులో రెండో దశ పూర్తయ్యాకే తెలుస్తుంది.